కారణం: వయసు

నవంబరు 14, 1988

నువ్వు ఆమె కళ్ళలోకి ఎప్పుడూ చూడలేదు. అడగకుండా ఈ నోటుపుస్తకం తెరిచిన నీకే చెబుతున్నాను. మా నల్ల నాచు చారులో వేసుకుని తాగావు, మా ఎండు చేపపిల్లలు గంజిలో నంజుకున్నావు, రేవులో ముఖమంతా గుడ్డ చుట్టుకున్న ఆడవాళ్ళని వింతగా చూసి ఫొటో తీసుకున్నావు. గుడ్డ వదిలేసిన ఆ రెండు వేళ్ళంత సందులో ఏముందో చూశావా? లేదు. నేనూ చూడలేదు. నువ్వు చూడకుండా నీ దారిన పోయావు, నేను చూడకుండా నివేదిక రాశాను. మనిద్దరికీ తేడా అంతే.

ఇవాళ అక్క మా దీవి నుంచి పడవలో నేనుండే మగోంగ్ పట్నానికి వచ్చింది. నా గదిలో కూర్చుని తలగుడ్డ, మూతిగుడ్డ, మెడగుడ్డ ఒక్కొక్కటీ విప్పింది. అరవై ఒకటో ఏట కూడా ఆ ముఖం తెల్లగా, పిండి జల్లినట్టు ఉంటుంది. మా దీవి ఆడవాళ్ళందరి ముఖాలూ అంతే. కానీ కుడి కన్ను ఎర్రగా ఉంది. ముక్కు వైపు నుంచి ఈగ రెక్కలాంటి కండ తెల్లగుడ్డు దాటి నల్లగుడ్డు మీదికి ఎక్కేసింది.

ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను.

"నీ పేపర్లో రాశావటగా, ఆడవాళ్ళకి వయసు వల్ల వస్తుందని. మా కోడలు చదివి వినిపించింది. వయసు ఎన్నాళ్ళ నుంచో ఇదీ అన్నాళ్ళ నుంచే."

వేరుశెనక్కాయల సంచీ బల్ల మీద పెట్టింది. నేను కాయలు ఒలుస్తూ కూర్చున్నాను.

నవంబరు 15

నా లెక్క తప్పు కాదు. ఇది ముందే రాసిపెట్టుకోవాలి.

నిరుడు జాలర్ల సంఘం మా దీవిలో నలభై దాటిన ప్రతి మనిషి కళ్ళూ చూపించింది. ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపింది నేనే. బడి ఉద్యోగం పోయాక నాకున్నది ఈ పక్షపత్రిక, ఈ నోరు, ఈ కాళ్ళే. మగవాళ్ళలో కండ నలభైల్లోనే మొదలైంది. ఆడవాళ్ళలో యాభైల చివర మొదలై, అరవై దాటేసరికి మగవాళ్ళతో సమానమైంది. ఇవి నేను కల్పించిన అంకెలు కావు.

ఆపరేషన్ల ఖర్చు అడిగితే జాలర్ల బీమా వాళ్ళు ఆ అంకెలే పట్టుకున్నారు. ఇంట్లో కూర్చునే ఆడవాళ్ళకీ ఉంది కనుక ఇది పడవల మీది ఎండ వల్ల వచ్చింది కాదు, ముసలితనం వల్ల వచ్చింది, దీనికి మేం ఇచ్చేదేమీ లేదన్నారు. అప్పుడు నేను లేచాను. ఆడా మగా కలిపి లెక్కేస్తే అలాగే కనిపిస్తుంది, విడదీసి చూడమన్నాను. మగవాడికి పని వల్ల వచ్చింది, ఆడదానికి వయసు వల్ల వచ్చింది అన్నాను. నలుగురు అధికారులు కాగితాలు తిరగేసి సరేనన్నారు. గెలిచాం.

వచ్చే మార్చి నుంచి ఏటా తైవాన్ పెద్దదీవి నుంచి కంటి డాక్టర్లు వచ్చి ఉచితంగా ఆపరేషన్లు చేస్తారు. మొదటి జాబితా పని వల్ల వచ్చినవాళ్ళది. రెండోది వయసు జాబితా, ఖాళీ మిగిలితే వాళ్ళకి. ఖాళీ మిగలదు.

మంచి వాదన అది. ఇప్పటికీ మంచి వాదనే.

నవంబరు 17

అద్దంలో చూసుకున్నాను. నా తెల్లగుడ్డు మీద పసుప్పచ్చ గింజ ఒకటి ఉంది. యాభై మూడేళ్ళు. ఇదైతే వయసే.

నవంబరు 23

అక్కని డాక్టర్ సియా దగ్గరికి తీసుకెళ్ళాను. మగోంగ్‌లో కొత్తగా క్లినిక్ పెట్టుకున్న అమ్మాయి, ముప్పై అయిదు కూడా ఉండవు. అక్క గడ్డం ఆ యంత్రం మీద ఆనించి చాలాసేపు చూసింది. తర్వాత నన్నూ చూసింది. నా గింజ ఏమీ చెయ్యదట. అది పుట్టినచోటే పడుంటుంది, వయసు మీదపడ్డ వాళ్ళలో చాలామందికి ఉంటుందట. అక్కది పాకే రకం. కంటిపాప అంచుకి ఇంకా బియ్యపుగింజంత దూరం ఉంది. పాప మీదికి రాకముందే తీసేస్తే చూపు దక్కుతుంది. వచ్చాక తీస్తే కండ పోతుంది గానీ దాని కింద మచ్చ మిగిలిపోతుంది. అక్క వయసు వాళ్ళకి ఆపరేషన్ చేస్తే మళ్ళీ మొలిచే భయం కూడా తక్కువేనట, కుర్రవాళ్ళకే త్వరగా తిరిగొస్తుందట. అంటే ఆడది, ముసలిది అని వెనక జాబితాలో వేసిన మనిషికే ఆపరేషన్ బాగా నిలుస్తుంది.

అక్క బయటికి వెళ్ళి కూర్చున్నాక, నా నివేదిక తాను చదివానని డాక్టర్ చెప్పింది. అంకెలు సరే, 'వయసు వల్ల' అన్న మాటే తనకి అర్థం కాలేదంది.

"వయసు దానంతటది కంట్లో కండ మొలిపించదండీ. వయసంటే ఎన్నేళ్ళ ఎండ, ఎన్నేళ్ళ ఉప్పుగాలి అన్న లెక్క. కొన్ని చోట్ల మగవాళ్ళలో ఎక్కువ, కొన్ని చోట్ల ఆడవాళ్ళలో ఎక్కువ. బయట ఎవరు నిలబడితే వాళ్ళకి. మీ ఆడవాళ్ళలో పదేళ్ళు ఆలస్యంగా ఎందుకొచ్చిందో నాకు తెలీదు. పిల్లలు చిన్నగా ఉన్నన్నాళ్ళు ఇంటిపట్టున ఉన్నారేమో. మీరు వాళ్ళని ఏం అడిగారు?"

ఏం పని చేస్తారని అడిగానన్నాను.

"ఏం చెప్పారు?"

ఏ పనీ చెయ్యం అని చెప్పారు.

ఆ అమ్మాయి ఆ మాట తన కాగితం మీద రాసుకుంది. చిన్నపిల్ల. మా దీవుల సంగతి ఆమెకేం తెలుసు?

నవంబరు 24

ఆమెది తైవాన్‌లోని కావోషియుంగ్ నగరం. నాది ఈ దీవులే. తెలియాల్సింది నాకు.

నవంబరు 30

రాస్తాను. ఎవరూ చదవని చోటైనా రాయకపోతే నా బతుక్కి అర్థం లేదు.

అక్క ఫారం నింపిన రోజు. మే నెల. ఆమె వంటింట్లో కూర్చున్నాను. గుమ్మం నుంచి బల్ల దాకా చాపల మీద చేపపిల్లలు ఆరబోసి ఉన్నాయి, వాటిని తొక్కకుండా కాళ్ళు పైకెత్తి పీట మీద పెట్టుకున్నాను. అలా కాళ్ళు ఎత్తుకుని అడిగాను, ఏం పని చేస్తావని. 'నాకేం పని, ఇంట్లోనే' అంది పొయ్యి దగ్గర నుంచి. వృత్తి గడిలో గృహిణి అని రాశాను. ఎండలో గడిపే సమయం అన్న గడి దగ్గర అసలు అడగనే లేదు. ఆ తెల్లటి ముఖం చూసి 'తక్కువ' మీద టిక్కు పెట్టాను.

ఆ ముఖం ఎందుకు తెల్లగా ఉంటుందో నాకు తెలియదా? నలభై ఏళ్ళుగా ఆటుకి నీళ్ళు వెనక్కి పోయిన ప్రతి రోజూ ఆ గుడ్డలు చుట్టుకుని తీరంలో వంగుని ఆల్చిప్పలు ఏరింది. చలికాలమంతా ఈశాన్య గాలికి ఎదురు నిలిచి రాళ్ళ మీద నాచు గీకింది. నన్ను బడికి పంపింది ఆ నాచే. ముఖానికి గుడ్డ ఉంది, చేతులకి గుడ్డ ఉంది. కళ్ళకి లేదు. కళ్ళకి గుడ్డ కడితే నాచు కనపడదు మరి.

ఒక్క అక్కే కాదు. నూట పన్నెండు మంది ఆడవాళ్ళు. నూట పన్నెండు తెల్లటి ముఖాలు, నూట పన్నెండు టిక్కులు. అందులో కండ ఉన్నవాళ్ళ ఫారాల్లో కారణం గడిలో వయసు అని రాశాను.

పొరపాటు అనుకుందామా? అనుకోవచ్చు. మా దీవిలో పని అంటే పడవ. తీరానికి దిగడాన్ని 'అలా వెళ్ళి ఏరుకొస్తా' అంటారు గానీ ఎవరూ పని అనరు. ఇక్కడ పుట్టినవాడికి తప్ప ఇంకెవరికీ ఈ పొరపాటు రాదు. బయటివాడైతే కళ్ళారా చూసింది రాసుకునేవాడు.

డిసెంబరు 4

నిన్న సగమే రాశాను. నిన్న కాదు, నాలుగు రోజుల కింద. ఏదైతేనేం.

అది పొరపాటు కాదు. బీమా వాళ్ళతో సమావేశానికి ముందురోజు సంఘం సెక్రటరీ ఖో, నేనూ టీ తాగుతూ కూర్చున్నాం. ఇద్దరం పాతికేళ్ళ స్నేహితులం. ఆడవాళ్ళూ తీరంలో పనిచేస్తారు కదా, ఆ సంగతి చెబితే మన వాదన ఇంకా గట్టిపడుతుంది కదా అని అడిగింది నేనే. ఖో కప్పు కింద పెట్టాడు.

"మాస్టారూ, మగాళ్ళు అరవై మంది అంటే ఇస్తారు. ఇంకో ఎనభై మంది ఆడాళ్ళున్నారంటే అరవై మందికీ ఎగ్గొడతారు. ముందు గెలుద్దాం. ఆడాళ్ళ సంగతి తర్వాత చూసుకుందాం."

సరేనన్నాను. ఒక్క టీ కప్పు చల్లారేంత సేపు కూడా పట్టలేదు నాకు. 'తర్వాత' అనే మాట మీద పాలకపక్షాన్ని నా పత్రికలో ఎన్నిసార్లు చీల్చి చెండాడానో నాకే గుర్తులేదు.

డిసెంబరు 5

అయినా అరవై మంది మగవాళ్ళకి మేలు జరిగింది. అది అబద్ధం కాదు కదా.

డిసెంబరు 24

ఇవాళ పెద్ద ఆటు. పొద్దున్నే దీవికి వెళ్ళి ఆడవాళ్ళ వెంట తీరానికి దిగాను. ముప్పై మంది దాకా ఉన్నారు. గుడ్డల్లో అందరూ ఒకేలా ఉన్నారు. మా అక్క ఎవరో దగ్గరికి వెళ్ళేదాకా పోల్చుకోలేకపోయాను. నా బూట్లు చూసి ఒకావిడ, మాస్టారు పెళ్ళికొచ్చినట్టు వచ్చాడంది. ఇంకొకావిడ, పెళ్ళికూతురు ఎవరో తేల్చుకోమంది. నవ్వులు గాలికి కొట్టుకుపోయాయి.

రోజూ ఏం పని చేస్తారని మళ్ళీ అడిగాను. రాళ్ళ మీద మోకాళ్ళాని, ఇనపరేకుతో నాచు గీకుతున్న మనిషి తల ఎత్తకుండానే జవాబిచ్చింది: పనేముంది, ఖాళీయే. పక్కావిడదీ అదే మాట. అయిదో మనిషి దాకా అదే మాట. అప్పుడు ప్రశ్న మార్చాను. నిన్న పొద్దున్నుంచి ఏమేం చేశావో చెప్పమన్నాను. చెప్పడం మొదలుపెట్టారు. తీరం, వేరుశెనగ మడి, చేపలు ఆరబెట్టడం, వల బాగుచెయ్యడం, మళ్ళీ తీరం. రాసుకునే కాగితం చాలలేదు.

కళ్ళు చూస్తానంటే గుడ్డ సందులోంచి చూపించారు. ముప్పై ఒక్క మందిలో పందొమ్మిది మందికి కండ. అందులో ముగ్గురికి యాభై కూడా లేవు.

మూడు గంటలు ఆ మెరిసే నీళ్ళలో నిలబడ్డాను. తిరుగు పడవలో కళ్ళు మూసినా మంటే, తెరిచినా మంటే. ఒక్క పొద్దుకే.

జనవరి 9, 1989

సవరణ వ్యాసం రాశాను. ఎనిమిది పేజీలు. పంపలేదు. అచ్చు మంచి రోజు చూసి వేద్దాం.

జనవరి 12

మంచి రోజట. నాస్తికుణ్ణి నేను.

జనవరి 18

ఖో వచ్చాడు. వ్యాసం సంగతి నేనే చెప్పాను. ఇప్పుడు ఇది వేస్తే బీమా వాళ్ళు మొదటి నివేదికే తప్పుల తడకని మగవాళ్ళ జాబితా కూడా ఆపేస్తారన్నాడు. ఆ భయం నాకూ ఉంది. తర్వాత గొంతు తగ్గించి, అక్క పేరు ఒక్కటి మొదటి జాబితాలో కలిపేద్దామన్నాడు. చనిపోయిన మా బావ పడవ ఇంకా ఆమె పేరునే ఉంది కాబట్టి, వృత్తి పడవ పని అని మారుస్తే మూడో కంటికి తెలియదట.

నేను ఒద్దనలేదు.

జనవరి 19

ఆమె కన్ను ముఖ్యం. సూత్రాలు తర్వాత. (మళ్ళీ 'తర్వాత'.)

ఫిబ్రవరి 7, చాంద్రమాన కొత్త సంవత్సరం రెండో రోజు

అక్క ఇంట్లో. గుమ్మడికాయ సేమ్యా, స్క్విడ్ గంజి, ముల్లంగి వడియాలు. నా గిన్నె పక్కకి పోసింది చారు. గమనించి, గిన్నె కాస్త జరిపి మళ్ళీ పోసింది. నేను చూడనట్టు నటించాను. నటించడంలో మా ఇంట్లో అందరం ఒకటే.

సంఘం కాగితం పండక్కి ముందే ఆమెకి అందింది. కోడలు చదివి చెప్పింది. గిన్నెలు ఎత్తాక అక్క ఎదురుగా కూర్చుంది.

"నన్ను పడవ మనిషిని చేశావటగా. ఒరేయ్, ఆడది పడవెక్కితే చేప పడదని వల దాటనివ్వరు మీరు. మీ బావ పడవ నా పేరునే ఉంది, ఇప్పటిదాకా అందులో కాలు పెట్టనివ్వలేదు ఎవడూ. కన్ను బాగుచేసుకోవడానికి మాత్రం నేను పడవ మనిషినా?"

కంటిపాప దగ్గరికి వచ్చేస్తోంది అక్కా, ముందు ఆపరేషన్ చేయించుకో అన్నాను. బతిమాలాను. జాబితాలో తన వెనక ఎవరెవరి పేర్లున్నాయని అడిగింది. ఆడవాళ్ళ పేర్లేవీ లేవన్నాను.

అప్పుడు చెప్పాను. టీ కప్పు, ఖో, నూట పన్నెండు టిక్కులు, అన్నీ. చెప్పాక, పిరికివాడిలా ఇంకో మాట కూడా అన్నాను: ఏ పనీ లేదని నువ్వే చెప్పావు కదా అని.

అక్క నా వైపు తల కొద్దిగా పక్కకి తిప్పి చూసింది. ఎడమకన్నుతో చూడటం అలవాటు చేసుకుందని అప్పుడు అర్థమైంది.

"చెప్తాను. దారిలో ఎవరైనా తిన్నావా అంటే తిన్నాననే చెప్తాను, తినకపోయినా. నువ్వూ అంతే చెప్తావు. అది రాసుకుని ఈ దీవిలో ఆకలే లేదని పేపర్లో వేస్తావా? నేను అంటానురా. నువ్వెందుకు రాశావు?"

ముప్పై ఏళ్ళుగా వాదనలు చేసి బతికినవాణ్ణి. లేచి చెప్పులు వెతుక్కున్నాను.

ఫిబ్రవరి 8

సంఘానికి వెళ్ళి ఆమె పేరు ఆమే కొట్టించేసుకుంది. ఖో నాకు ఫోన్ చేసి, మీ అక్కకి మతి పోయిందా అన్నాడు. లేదన్నాను.

ఫిబ్రవరి 10

నేను పాతికేళ్ళుగా రాసిన వ్యాసాల్లో 'శ్రామికుడు' అన్న మాట ఎన్నిసార్లు వాడానో. ఒక్కసారైనా ఆ మాట రాసేటప్పుడు నా కళ్ళ ముందు ఇనపరేకు పట్టుకున్న ఆడమనిషి మెదిలిందా? పడవ, తెడ్డు, మగవాడి వీపు. అంతే. నేను ప్రగతిశీలుణ్ణని ఎవరు చెప్పారు? నేనే.

ఫిబ్రవరి 20

వ్యాసం అచ్చయింది. మొదటి పేజీలో, నా పేరుతో. శీర్షిక: 'నేను రాసిన అబద్ధం'. ఖో పేరు రాయలేదు. రాయకపోవడం మంచితనమో పిరికితనమో తేలలేదు.

ఫిబ్రవరి 23

సంఘం భవనంలో సమావేశం. మగవాళ్ళు ఒకవైపు, తలుపు దగ్గర ఆడవాళ్ళు, గుడ్డలు విప్పకుండా. ఖో లేచి, మాస్టారి చేతిదురద వల్ల మీ నోటికాడ కూడు పోతోందన్నాడు. ఒకడు నన్ను అమ్ముడుపోయినవాడన్నాడు. ఇంకొకడు, ఆడాళ్ళందరికీ ఆపరేషన్లైతే వంట ఎవడు చేస్తాడని నవ్వించబోయాడు. అతని భార్య తలుపు దగ్గర నుంచే, ఇవాళ నీకు ఎవరూ చెయ్యరు, దిగులుపడకు అంది.

డాక్టర్ సియా తెచ్చిన చార్టు గోడకి అంటించింది. డిసెంబరు నాటి నా కాగితం, పాత ఫారాలు కలిపి ఆమె మళ్ళీ వేసిన లెక్క అది. ఆడా మగా అని కాకుండా, జీవితంలో ఎన్నేళ్ళు ఎండలో, నీళ్ళ అంచున గడిపారు అన్న వరసలో పెట్టింది. పది, ఇరవై, ముప్పై, నలభై. వరస పెరిగినకొద్దీ కండ పెరిగింది. ఆడవాళ్ళ గీత, మగవాళ్ళ గీత ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. ఆడవాళ్ళ గీత ముప్పై మందితో వేసింది, అందర్నీ మళ్ళీ అడగనిదే గట్టిగా చెప్పకూడదని కూడా చెప్పింది. ఆ అమ్మాయి నిజాయితీ చూసి నాకు ముచ్చటేసింది, ఆ వెంటనే సిగ్గేసింది.

మార్చి జాబితా మార్చడానికి వీల్లేదని తేల్చారు. వచ్చే ఏడాది చూద్దామన్నారు.

మార్చి 11

తైవాన్ డాక్టర్లు వచ్చి వెళ్ళిపోయారు. యాభై ఎనిమిది మంది మగవాళ్ళకి చేశారు. రేవులో గాజుగుడ్డ కట్లతో వరసగా కూర్చున్నవాళ్ళని చూసి సంతోషించాలనుకున్నాను. సంతోషించాను కూడా, నిజంగానే. వాళ్ళ కళ్ళూ కళ్ళే.

మార్చి 13

డాక్టర్ సియా అక్క కన్ను మళ్ళీ చూసింది. కండ కంటిపాప అంచుని తాకింది. ఇప్పుడు తీసినా చిన్న మచ్చ ఉంటుంది. ఎంత ఆలస్యమైతే మచ్చ అంత పెద్దది. తన క్లినిక్‌లోనే చేస్తానంది, డబ్బు మాట ఎత్తకుండా. అక్క దండం పెట్టి, పందొమ్మిది మందికీ చేస్తావా అమ్మా అంది. ఒక్కతే అంత మందికి చెయ్యడం కుదరదని ఆ అమ్మాయి ఒప్పుకుంది. అయితే పోరాడదాం, నా కన్ను ఇంకొన్నాళ్ళు ఆగుతుందిలే అంది అక్క.

ఆగదు. ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. నవంబరులో బియ్యపుగింజంత దూరం ఉండేది. ఆ గింజంత దూరం కండ పాకేదాకా నేను ఎనిమిది పేజీలు దాచుకుని కూర్చున్నాను.

మార్చి 19

అక్క ఇంట్లో ఇరవై ఆరు మంది ఆడవాళ్ళు. నన్ను పిలిచింది రాయడానికి, మాట్లాడటానికి కాదు. మధ్యలో ఒక వాక్యం బాగుచెయ్యబోతే, చెప్పింది రాయి మాస్టారూ అన్నారు. చెప్పింది రాశాను. రేపు ఈ అర్జీ బీమా కార్యాలయానికీ సంఘానికీ ఇస్తున్నారు. నా కోసం ఒక నకలు ఇక్కడ:

1. నలభై దాటిన ఆడవాళ్ళందరి కళ్ళూ మళ్ళీ చూడాలి. గుడ్డ విప్పించి ముఖం చూసి రాయకూడదు. కన్ను చూసి రాయాలి.

2. 'ఏం పని చేస్తారు' అని అడగకూడదు. 'నిన్న ఏమేం చేశారు' అని అడగాలి.

3. కారణం అన్న గడిలో వయసు అని రాసిన ఫారాలన్నీ రద్దు చెయ్యాలి.

4. జాబితా ఒక్కటే ఉండాలి. కంటిపాపకి ఎవరి కండ దగ్గరగా ఉంటే వాళ్ళు ముందు.

5. అలా దగ్గరగా ఉన్నవాళ్ళకి ఈ ఏడాది ఈశాన్య గాలి మొదలయ్యేలోపే ఆపరేషన్ చెయ్యాలి. వచ్చే మార్చి దాకా ఆగం.

6. దీనివల్ల ఏ మగవాడి పేరూ కొట్టెయ్యకూడదు.

7. మొదటి నివేదిక రాసిన మనిషి కొత్త నివేదిక రాయకూడదు. కావాలంటే డాక్టరమ్మ సంచీ మొయ్యవచ్చు.

8. డాక్టర్లు వచ్చే తేదీలు ఆటుపోట్ల పట్టిక చూసి పెట్టాలి. పెద్ద ఆటు రోజుల్లో పెట్టకూడదు. ఆ రోజుల్లో మేం పనిలో ఉంటాం.